శుభం కార్డు పడ్డాక

రామాయణాన్ని యుద్ధకాండతో ఆపేయవచ్చు. రావణుడు చచ్చాడు, సీత తిరిగి వచ్చింది, రాముడికి పట్టం కట్టారు. హరికథ అయినా తోలుబొమ్మలాట అయినా పట్టాభిషేకం దాకా వచ్చిందంటే ఇక హారతి ఇవ్వడం, ప్రసాదం పంచడం, చాపలు చుట్టుకుని జనం ఇళ్లకు బయల్దేరడమే మిగిలేది. అంత నిండుగా ముగిసిన కథను కూడా మనవాళ్లు వదల్లేదు. పరాయివాడి లంకలో నెలల తరబడి ఉండి వచ్చిన భార్యను రాజు ఏలుకుంటున్నాడు, మరి ఊళ్లో ఏమనుకుంటున్నారు? ఉత్తరకాండలో జనం గుర్తుపెట్టుకున్న కథంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడింది.

1963లో వచ్చిన 'లవకుశ' ఆ కథే. తెలుగులో పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి సినిమా అది. సి. పుల్లయ్య మొదలుపెడితే ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వెళ్లి చూశామని పాతతరం వాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. దాన్ని సీక్వెల్ అని అప్పుడెవరూ అనలేదు, మొదటి భాగం ఎటూ ప్రతి ఇంట్లో అందరికీ వచ్చినదే. కానీ ఇవాళ మంచి సీక్వెల్‌లో ఏమేం ఉండాలని వెతుకుతామో అవన్నీ అందులో ఉన్నాయి. రావణుణ్ని మించిన రాక్షసుడు అందులో రాడు. అసలు శత్రువే లేడు. సీత నిర్దోషి అని అగ్నిపరీక్షతో మొదటి కథ తేల్చేసింది కదా, ఆ తీర్పునే రెండో కథ మళ్లీ తిరగదోడింది. లంకలో చెల్లిన అగ్ని సాక్ష్యం అయోధ్యలో చెల్లలేదు. దాన్ని చెరపడానికి ఒక చాకలి ఇంటి గొడవలో దొర్లిన మాట సరిపోయింది.

రాక్షసుణ్ని పెద్దది చేసిన సీక్వెల్ కూడా మనకు లేకపోలేదు. అద్భుత రామాయణంలో వేయి తలల రావణుడు వస్తాడు, సీతే కాళికలా మారి వాణ్ని చంపుతుంది. చెప్పుకోవడానికి బ్రహ్మాండమైన కథ. అయినా ఆ కథ ఎంతమందికి తెలుసు, లవకుశుల కథ ఎంతమందికి తెలుసు అని చూస్తే సీక్వెల్ రహస్యం సగం అక్కడే దొరుకుతుంది.

మిగతా సగం సంస్కృత నాటకాలు రాసిన భవభూతి దగ్గర ఉంది. సీక్వెల్ తీసే ప్రతివాడికీ మొదటి తలనొప్పి పాత కథ గుర్తుచేయడం ఎలా అన్నది. ఇప్పుడైతే ఒక హీరో గొంతుతో వాయిస్ ఓవర్ పెట్టి, పాత సినిమా ముక్కలు నాలుగు అతికించి పని కానిచ్చేస్తారు. ఎనిమిదో శతాబ్దపు భవభూతి రాముడి మీద రెండు నాటకాలు రాశాడు. మహావీరచరితం పట్టాభిషేకంతో ముగుస్తుంది, ఉత్తరరామచరితం ఆ తర్వాతి కథ ఎత్తుకుంటుంది. రెండో నాటకం మొదటి అంకంలో లక్ష్మణుడు అన్నావదినలకు బొమ్మలు చూపిస్తాడు. ఆ బొమ్మల్లో ఉన్నది వాళ్ల సొంత కథే. చూస్తూ చూస్తూ సీతకు ఆ అడవులను మళ్లీ చూడాలనిపిస్తుంది. ఆ కోరిక తీర్చే వంకతోనే ఆమెను అడవికి పంపడం, వదిలేయడం జరుగుతాయి. పాత కథను గుర్తుచేసిన ఘట్టమే కొత్త కథకు నిప్పు పెట్టింది. 'లవకుశ'లోనూ అంతే. పిల్లలిద్దరూ రాముడి ఎదుట నిలబడి రామకథ పాడతారు. వాళ్లు తన బిడ్డలని తెలియకుండానే ఆయన తన కథ తాను వింటాడు. 'ఇంతవరకు జరిగిన కథ' అన్నది ఇంత బాధ పెట్టేలా ఇంకెవరూ చెప్పలేదేమో.

తెలుగు సినిమాకు సీక్వెల్ ఆలస్యంగా అలవాటైంది. కారణం శుభం కార్డే అనుకోవచ్చు. పెళ్లి అయిపోయింది, విలన్ జైలుకెళ్లాడు, అందరూ ఒక్క ఫ్రేములో నిలబడి నవ్వారు, ఇక చెప్పడానికేముంది? కథ ముగిసినా ఫార్ములా మాత్రం ముగిసేది కాదు, అదే హీరో, అదే దర్శకుడు, కొత్త పేరుతో మళ్లీ వచ్చేవారు. అవి నంబరు వేయని సీక్వెల్స్. నంబరు వేసినట్టుగా వచ్చినవాటిలో పాతది 'మనీ' (1993) తర్వాత వచ్చిన 'మనీ మనీ' (1995). బ్రహ్మానందం ఖాన్ దాదా పాత్రను ఇంకోసారి చూడాలన్న కోరికే దానికి సగం పెట్టుబడి.

పట్టాభిషేకాన్ని తిరగదోడే పని మన కాలంలో అందరికంటే శ్రద్ధగా చేసిన సినిమా 'దృశ్యం 2'. మలయాళంలో జీతూ జోసెఫ్ 2013లో మొదటిది, 2021 ఫిబ్రవరిలో రెండోది ఇచ్చారు. తెలుగులో వెంకటేశ్‌తో మొదటిదాన్ని 2014లో శ్రీప్రియ తీస్తే, రెండోదాన్ని 2021 నవంబరులో జీతూ జోసెఫే తీశారు. చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడి నుంచి మూడు పేరాలు దాటేయడం మంచిది. మొదటి సినిమా శుభం కార్డు ఎలాంటిది? కేబుల్ టీవీ నడుపుకునే రాంబాబు, నాలుగో తరగతితో చదువు ఆపేసినా సినిమాలు చూసి నేర్చుకున్న తెలివితో మొత్తం పోలీసు శాఖను ఓడించాడు. అతని ఇంటివాళ్ల చేతిలో చనిపోయిన కుర్రాడి శవం ఎక్కడుందో చివరి నిమిషంలో మనకొక్కరికే తెలుస్తుంది. కొత్తగా కట్టిన పోలీస్ స్టేషన్ నేల కింద! చప్పట్లు కొట్టి బయటికి వచ్చాం. కుటుంబం గట్టెక్కింది అనుకున్నాం.

రెండో సినిమా ఆరేళ్ల తర్వాత ఆ ఇంటి తలుపు తీసి లోపలికి తీసుకెళ్తుంది. రాంబాబుకి ఇప్పుడు సొంత థియేటర్ ఉంది. సినిమా తీయాలని ఒక రచయితతో కథ రాయిస్తున్నాడు. డబ్బు వచ్చింది గానీ నిద్ర రాలేదు. పెద్దమ్మాయికి ఫిట్స్ వస్తున్నాయి, పోలీసులను చూస్తే వణుకు. భార్యకు ఎవరితోనైనా చెప్పుకుని ఏడవాలని ఉంది, చివరికి చెప్పుకోకూడని మనిషి దగ్గరే చెప్పుకుంటుంది. మొదటి సినిమాలో అతని వైపు నిలబడిన ఊరే ఇప్పుడు అతని ఎదుగుదల చూసి గుసగుసలాడుతోంది. ఆ పిల్ల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడుతోంది. ఇక్కడ అయోధ్య చాకలి గుర్తుకు రాకపోతే ఆశ్చర్యమే. 'మొదటి గంటలో ఏమీ జరగదు' అని ఈ సినిమా మీద ఒక ఫిర్యాదు ఉంది. నిజానికి సినిమా ప్రాణం ఆ గంటలోనే ఉంది. గెలిచిన ఇంట్లో గెలుపు ఎలా కుళ్లుతుందో చూపించకుండా నేరుగా కొత్త ట్విస్టులోకి దూకి ఉంటే, అది తెలివైన సినిమా అయ్యేది, అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

శవాన్ని పాతిపెట్టిన ఆ రాత్రి రాంబాబు స్టేషన్ నుంచి బయటికి రావడం చూసిన మనిషి ఒకడు ఉన్నాడని రెండో సినిమా చెబుతుంది. అవసరానికి పుట్టించిన సాక్షి అని అనవచ్చు, కొంత నిజమే. కానీ ఇందులో ఒక నిజాయితీ ఉంది. మొదటి సినిమా చూపించినది ఏదీ అబద్ధం కాలేదు. మనం చూసిన ఫ్రేము పక్కన మరికొంత చోటు ఉందని, అక్కడ ఒకడు నక్కి ఉన్నాడని మాత్రమే చెప్పింది. ఇక అస్థిపంజరం దొరికాక, డీఎన్ఏ కలవలేదని తేలాక తెలిసేది అసలు విషయం. రాంబాబు ఈ రోజు వస్తుందని ముందే అనుకుని కాటికాపరితో స్నేహం పెంచుకున్నాడు, ఎముకలు మార్చేశాడు. మొదటిసారి గెలిచినవాడు హీరోలా కనిపించాడు. ఈసారి గెలిచినవాడు శ్మశానం దగ్గర స్నేహాలు చేసుకుంటూ బతికిన మనిషి. ఆ కుర్రాడి చితాభస్మం చివరికి తల్లిదండ్రులకు చేరుతుంది. అప్పుడు చప్పట్లు కొట్టబుద్ధి కాదు.

హాలీవుడ్‌లో ఇలాంటి పని చేసిన సినిమా అనగానే 'ది గాడ్‌ఫాదర్ పార్ట్ టు' (1974) పేరు చెప్పడం ఆనవాయితీ. ఉత్తమ చిత్రం ఆస్కార్ గెలిచిన తొలి సీక్వెల్ అదే. మాఫియా పెద్ద విటో కార్లియోనీగా 1972లో మార్లన్ బ్రాండో, కుర్ర విటోగా రెండోదానిలో రాబర్ట్ డి నీరో, ఒకే పాత్రకు ఇద్దరూ ఆస్కార్లు గెలిచారు. కానీ దాన్ని గొప్ప చేసింది అవార్డులు కాదు. మొదటి సినిమా చివర విటో కొడుకు మైకేల్, తండ్రి కుర్చీలో కూర్చుంటాడు, అతని భార్య ముఖం మీద తలుపు మూసుకుంటుంది. అది అతని పట్టాభిషేకం. అంతా కుటుంబం కోసమే అన్నది అతని వాదన. రెండో సినిమా ఆ ఒక్క మాట పట్టుకుని చివరిదాకా లాగింది. కుటుంబం కోసం అన్నవాడు భార్యను పోగొట్టుకుంటాడు, సొంత అన్నను చంపిస్తాడు. మధ్యమధ్యలో కుర్ర విటో ఏమీ లేని స్థితి నుంచి కుటుంబాన్ని ఎలా కట్టాడో చూపిస్తుంటారు. తండ్రి కడుతుంటే కొడుకు కూలుస్తున్నాడు, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. చివరి దగ్గర్లో పాత రోజుల భోజనాల బల్ల ఒకటి వస్తుంది. అందరూ నాన్న పుట్టినరోజని ఆయనకు ఎదురు వెళ్తారు. మైకేల్ ఒక్కడే బల్ల దగ్గర మిగులుతాడు. బ్రాండో ఆ రోజు షూటింగుకు రాలేదు, అందుకే తండ్రి ఆ సీన్‌లో కనిపించడు. రాకపోవడమే మంచిదైంది.

దీనికి పద్దెనిమిదేళ్ల ముందే సత్యజిత్ రాయ్ ఇంతకంటే తక్కువ చప్పుడుతో ఇదే చేశారు. 'పథేర్ పాంచాలి' (1955)లో అపు, దుర్గ తెల్లటి రెల్లుపూల మధ్య నుంచి పరుగెత్తి రైలు చూస్తారు. ఆ పిల్లలకు అదొక అద్భుతం. 'అపరాజితో' (1956)లో అదే రైలు కొడుకును కలకత్తా చదువుకు తీసుకుపోతుంది. పల్లెలో ఒంటరిగా మిగిలిన తల్లి రైలు చప్పుడు వినబడితే కొడుకు వచ్చాడేమోనని చూస్తుంది. జబ్బు పడినా వాడి పరీక్షలు పాడవుతాయని కబురు పెట్టదు. వాడు వచ్చేసరికి ఆమె ఉండదు. సొంత ఊళ్లోనే జనానికి ఈ సినిమా అంతగా నచ్చలేదు. తల్లిని పట్టించుకోని కొడుకును చూడలేకపోయారు. వెనిస్‌లో మాత్రం 1957లో గోల్డెన్ లయన్ ఇచ్చారు. పై చదువులకని అమెరికా విమానం ఎక్కించిన కొడుకు ఫోను కోసం చూసే ఇళ్లు ఇవాళ ఆంధ్ర, తెలంగాణల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఈ సినిమా చూపిస్తే ఎవరికీ సబ్‌టైటిల్స్ అవసరం పడకపోవచ్చు.

పాత సినిమాలో జరిగింది కొత్త సినిమాలోని మనుషులకు గుర్తుండడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సీక్వెల్స్ ఎక్కువగా తప్పేది అక్కడే. 'టెర్మినేటర్ 2' (1991)లో సారా కానర్ పిచ్చాసుపత్రిలో ఉంటుంది, ఎందుకంటే మొదటి సినిమాలో (1984) తను చూసింది చెబితే ఎవరూ నమ్మలేదు. తప్పించుకుని పారిపోతుండగా లిఫ్ట్ లోంచి, అప్పట్లో తనను చంపడానికి వచ్చిన ముఖంతోనే, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ వస్తాడు. ఈసారి అతను కాపాడడానికి వచ్చాడని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె కాళ్లు తడబడి కింద పడిపోతుంది. ఆ ఒక్క పడిపోవడంలో మొదటి సినిమా మొత్తం ఉంది. అదే జేమ్స్ కామెరాన్ అంతకుముందు తీసిన 'ఏలియన్స్' (1986) పైపైన చూస్తే సైజు పెంచిన సీక్వెలే, ఒక జంతువు బదులు గుంపులు గుంపులు. కానీ నాయిక రిప్లీకి పీడకలలు వస్తుంటాయి, ఆమె మాట కంపెనీ నమ్మదు, భయపడుతూనే మళ్లీ అక్కడికే వెళ్తుంది. మొదటిది హారర్ సినిమా, ఇది యుద్ధం సినిమా. సైజు పెరగడం తప్పు కాదు, దానితోపాటు పాత భయం కూడా కథలోకి రావాలి.

మన దగ్గర సైజు సంగతి టైటిళ్లలోనే తెలిసిపోతుంది. ఒకటి డబుల్, ఒకటి స్క్వేర్, ఇంకోటి కూడా స్క్వేరే. లెక్కల మాస్టారు పెట్టినట్టున్న పేర్లు. నిర్మాత వైపు నుంచి చూస్తే ఇందులో తప్పేమీ లేదు. కొత్త సినిమా పేరు జనం నోట్లో పడేసరికి బోలెడు ఖర్చు, సీక్వెల్‌కి ఆ పేరు ముందే నానిపోయి ఉంటుంది. ఓటీటీ వాళ్లు, డిస్ట్రిబ్యూటర్లు పేరు వినగానే బేరం మొదలుపెడతారు. చిక్కంతా ఆ తర్వాతే. మొదటి సినిమాలో జనానికి నచ్చింది ఏమిటో పట్టుకోలేక, కనిపించిన వాటన్నింటినీ రెండింతలు చేస్తారు. 'కిక్ 2' (2015)లో కిక్ కోసం బతికిన తండ్రి పక్కకు జరిగి, కంఫర్ట్ కోసం బతికే కొడుకు వచ్చాడు, ఇద్దరూ రవితేజే. అలవాటు పేరు మార్చినంత మాత్రాన కొత్త మనిషి పుట్టలేదు.

కామెడీకి ఈ సూత్రం పనికిరాదని అనిపిస్తుంది. నవ్వించే సినిమాలో పాత గెలుపును తిరగదోడడం ఏమిటి? కానీ రాజ్‌కుమార్ హిరానీ 'లగే రహో మున్నాభాయ్' (2006) చూడండి. తెలుగులో అదే 'శంకర్ దాదా జిందాబాద్' (2007). ఈ సినిమాకు మొదటిదైన 'మున్నాభాయ్ ఎం.బి.బి.ఎస్.'తో కథ సంబంధమే లేదు. మొదటిదానిలోని డాక్టర్ హీరోయిన్ ఏమైందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగలేదు కూడా. మిగిలింది ఆ రౌడీ, అతని తోడు. అయితే మొదటి సినిమాలో అతను దొంగ డాక్టరు. ఆ అబద్ధాన్ని మనం నవ్వుతూ క్షమించేశాం, సినిమా కూడా క్షమించింది. రెండోదానిలో అతను దొంగ ప్రొఫెసరు. ఈసారి గాంధీగారు పక్కన నిలబడి, ఆ అమ్మాయికి నిజం చెప్పు అంటారు. చెబితే అమ్మాయి పోతుంది. చెబుతాడు, పోతుంది. మొదటి సినిమాను గెలిపించిన ట్రిక్కునే రెండో సినిమా బోనెక్కించింది. ఇదంతా నవ్విస్తూనే.

టిల్లు దారి వేరు. 'డీజే టిల్లు' (2022)లో రాధిక అనే అమ్మాయిని నమ్మి అంత అయ్యాక కూడా 'టిల్లు స్క్వేర్' (2024)లో అతను మళ్లీ అలాంటి గుంతలోనే పడతాడు. మరిచిపోయి పడడు, అంతా గుర్తుండే పడతాడు. బుద్ధి రాకపోవడమే అక్కడ జోకు. రాధిక అనే పేరు ఈలోగా కుర్రాళ్ల మాటల్లో ఒక సామెతలా తిరిగింది కాబట్టి, సినిమా ఆ పేరు ఎత్తితే చాలు, థియేటర్ మిగతాది పూరించేసేది. టిల్లుకు బుద్ధి వస్తే సిరీస్ అక్కడితో ఆగిపోతుంది. అందుకని అతనికి ఎప్పటికీ రాకూడదు.

ఇక రెండు భాగాల సినిమాలు. వీటిని సీక్వెల్స్ లెక్కలో వేయడం పొరపాటు. 'బాహుబలి' మొదటి భాగం 2015 జూలై 10న కట్టప్ప కత్తి దగ్గర ఆగింది, రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చింది. అది సీక్వెల్ కాదు, దాదాపు రెండేళ్ల ఇంటర్వెల్. వారపత్రికలో సీరియల్ చదివినవాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు, 'తరువాయి వచ్చేవారం' అన్న ముక్క సరిగ్గా ఎక్కడ వేయాలో తెలిసిన రచయితే గొప్పవాడు. ఇక్కడ తిరగదోడడానికి గెలుపు అంటూ ఏదీ లేదు, కథ ఇంకా మధ్యలోనే ఉంది.

'పుష్ప' కూడా ఒకే సినిమాగా మొదలై రెండైందే. కానీ మొదటి భాగం చివర పుష్ప గెలుస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, సిండికేట్ అతనిది. కాబట్టి రెండోదానికి (2024) సీక్వెల్ కష్టాలన్నీ వచ్చాయి. ఎర్రచందనం లోడ్లు పెరిగాయి, గొడవలు పెరిగాయి, జపాన్ దాకా వెళ్లారు. పోలీసు అధికారి షెకావత్‌తో పంతం మొదటి సినిమా అప్పు పెట్టి వెళ్లినదే అయినా రెండోదానిలో అంత బరువు తూగలేదు. బరువంతా ఇంకోచోట ఉంది. ఇంటిపేరు అడిగితే తడుముకోవాల్సి వచ్చిన మనిషికి ఎన్ని కోట్లు వచ్చినా ఆ జాగా ఖాళీగానే ఉండిపోయింది. ముఖ్యమంత్రినే మార్చగలిగినవాడు సవతి అన్నతో తమ్ముడని అనిపించుకోలేకపోయాడు. జాతర, ఆ తర్వాత అన్న కూతురి కోసం చేసిన పోరాటం జనానికి అంతగా పట్టడానికి కారణం చీర, మేకప్పు, ఫైట్లు మాత్రమే కాదు. మొదటి సినిమా తీర్చకుండా వదిలేసిన బాకీ అక్కడ తీరింది.

మూడో భాగాలు ఎందుకు తడబడతాయో ఇప్పుడు చెప్పడం తేలిక. రెండోది వచ్చి గెలుపును ఒకసారి విప్పేశాక, మూడోదానికి విప్పడానికి ఏమీ మిగలదు. కొత్త విలన్ కోసం వెతుక్కోవాల్సిందే. ఆ గండం దాటినవాటిలో రాయ్ తీసిన 'అపుర్ సంసార్' (1959) ఒకటి. భార్య కాన్పులో పోతుంది. ఆ పుట్టినవాడి వల్లే పోయిందని అపు కొడుకు మొహం కూడా చూడకుండా దేశాలు పట్టిపోతాడు. తల్లిని వదిలి వెళ్లిన కొడుకు ఇప్పుడు కొడుకును వదిలి వెళ్లిన తండ్రి. అయిదేళ్ల తర్వాత తిరిగి వస్తే పిల్లాడు రాళ్లు విసురుతాడు, దగ్గరికి రాడు. చివరికి నువ్వెవరు అని అడుగుతాడు. నాన్నను అని చెప్పుకునే ముఖం లేక, స్నేహితుణ్ని అంటాడు అపు. మా నాన్న దగ్గరికి తీసుకెళ్తావా అంటే, తీసుకెళ్తానని పిల్లాణ్ని భుజాల మీదికి ఎక్కించుకుని నడక మొదలుపెడతాడు.